ఇంటి సర్వరుకు మార్కులివ్వండి

శ్రీ నారా లోకేశ్ గారికి,
విద్యా, ఐటీ శాఖల మంత్రి, ఆంధ్రప్రదేశ్.



2025 అక్టోబరు 14న జరిగిన రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను. మొదటిది ఊరూవాడా తెలిసిందే. విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ ఆ రోజు ఢిల్లీలో ప్రకటించింది. 2026 నుంచి 2030 దాకా ఐదేళ్లలో పెట్టే పెట్టుబడి అది. గిగావాట్ స్థాయి డేటా సెంటర్, సముద్రం అడుగున వచ్చే కేబుళ్లు ఒడ్డెక్కే స్టేషన్ అందులో భాగం. రెండోదాన్ని మన దగ్గర పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. సరిగ్గా అదే రోజుతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లకు గడువు తీరింది. విండోస్ 11 అడిగే ప్రాసెసరు, భద్రతా చిప్ లేని కంప్యూటర్లు, నిన్నటిదాకా నిక్షేపంగా నడిచినవి, ఆఫీసులు పక్కన పెట్టక తప్పని సరుకైపోయాయి. మన ఊరికి సర్వర్లు వస్తున్నాయని మొదటి వార్త చెబుతోంది. సర్వర్లు నేర్చుకోవడానికి కావలసిన సామాను ఆఫీసు మూలల్లో ఊరికే పడి ఉండబోతోందని రెండోది చెబుతోంది. ఈ రెంటినీ కలపగలిగే అధికారం విద్య, ఐటీ శాఖలు రెండూ చేతిలో ఉన్న మీకుంది. అందుకే ఈ ఉత్తరం మీ పేరున.

నేను అడిగేది ఇది. ఈ ప్రాంతంలో డిప్లొమా, బీటెక్ చదివే పిల్లలు తమ ఇంట్లో ఒక చిన్న సర్వరు నెట్‌వర్క్ పెట్టుకుని, దాన్ని ఏడాది పాటు భద్రంగా నడపడాన్ని చదువులో భాగం చేయండి. దానికి మార్కులివ్వండి. ఇందులో నా పట్టుదలంతా ‘భద్రంగా’ అన్న మాట మీదే. ముందు సర్వరు పెట్టడం నేర్పేద్దాం, భద్రత సంగతి ఆఖరి యూనిట్‌లో చూద్దాం అనే పద్ధతి దీనికి పనికిరాదు. సర్వరు పెట్టగానే మొదట అన్నీ మూసెయ్యడం నేర్పాలి. ఆ తర్వాతే ఏది, ఎవరికి, ఎంత మేరకు తెరవాలో నేర్పాలి. ఈ వరస తప్పితే మనం పిల్లలకు చదువు చెప్పినట్టు కాదు, వాళ్ల ఇళ్లకు ప్రమాదం పంపినట్టు. వరస తప్పకుండా నేర్పితే మాత్రం, డేటా సెంటర్ల వాళ్లు డబ్బు పోసినా తరగతి గదిలో దొరకని అనుభవం ఇంట్లో ఓ బల్ల కింద దొరుకుతుంది.

ఈ మాట దువ్వాడ నుంచి చెప్పడానికి కారణం ఉంది. విశాఖ ప్రత్యేక ఆర్థిక మండలి ఇక్కడే ఉంది. విజ్ఞాన్ ఇంజనీరింగ్ కాలేజీ ఇక్కడే ఉంది. పక్కనే కూర్మన్నపాలెం, అది దాటితే 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం. ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు రెండు తరాలుగా ఉన్నారు. చేతిపని ఎలా వస్తుందో ఇక్కడి జనానికి వేరే చెప్పక్కర్లేదు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడుకు చేరిన కుర్రాడిని తీసుకెళ్లి లేతు ముందు నిలబెట్టరు. బెంచి వైసుకు ఇనప ముక్క బిగించి చేతికి ఆకురాయి ఇస్తారు. రాయించి రాయించి, మూలమట్టం ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తారు. సందులోంచి వెలుగు కనబడితే మళ్లీ రాయమంటారు. నెట్‌వర్కుల చదువులో మనం ఆ ఆకురాయి మెట్టునే ఎగరగొట్టేశాం. నెట్‌వర్కు ఏడు పొరల పేర్లు కంఠతా పట్టి, సిమ్యులేటర్‌లో బొమ్మ రూటర్లను గీతలతో కలిపి, మంచి మార్కులతో బయటపడిన విద్యార్థి ఒక్క నిజం కేబుల్‌కైనా కొన బిగించి ఉండాలన్న నియమం లేదు. డిస్కు పాడైనప్పుడు యంత్రం ఎలా ప్రవర్తిస్తుందో, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో, సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ తెల్లారేసరికి పనిచేయడం మానేస్తే మొదట ఎక్కడ చూడాలో సిమ్యులేటర్ చెప్పదు. కాలేజీ ల్యాబ్ కూడా చెప్పదు, సాయంత్రానికి తాళం పడుతుంది కాబట్టి. రాత్రీపగలూ నడవడమే సర్వరు లక్షణం. ఒక యంత్రం ఏడాది పొడుగునా తన బాధ్యతగా ఉంటేగాని ఆ విద్య అబ్బదు.

ఖర్చు సంగతి ముందే తేల్చేస్తాను. ఇంటి సర్వరుకు అద్దాల గది, ఏసీ అక్కర్లేదు. కొత్త విండోస్‌కు పనికిరాదన్న ఏడెనిమిదేళ్ల నాటి ఆఫీసు డెస్క్‌టాప్ చాలు. 8 జీబీ మెమరీ, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే దాని మీద డెబియన్ లాంటి ఉచిత లినక్స్ హాయిగా నడుస్తుంది. ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేరు వేసుకుంటే ఆ ఒక్క పెట్టెలోనే మూడు నాలుగు చిన్న యంత్రాలు సృష్టించుకుని, ఒకటి పాడుచేసుకున్నా మిగతావి చెడకుండా ప్రయోగాలు చేయొచ్చు. పని లేనప్పుడు 40 వాట్లు లాగే డెస్క్‌టాప్ నెలంతా ఆపకుండా నడిస్తే 29 యూనిట్ల దగ్గర తేలుతుంది. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా నెలకు 175 రూపాయల లోపే. 10 వాట్ల మినీ పీసీ అయితే ఏడు యూనిట్ల పైన కొంచెం, నలభై మూడు రూపాయలు. శ్లాబు మారే అంచున ఉన్న ఇంటికి ఆ 29 యూనిట్లు బరువే, కాదనను. అలాంటి ఇళ్లకు మినీ పీసీ ఇవ్వడమే న్యాయం.

ఇక అసలు భయానికి వస్తాను. ఇంట్లో సర్వరు పెట్టించడమంటే దొంగలను ఇంటికి పిలవడమే కదా అని ఎవరైనా అడిగితే, ఆ భయం అర్థం లేనిదని నేననను. 2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీదికి మిరాయ్ అనే మాల్‌వేర్ ఆ రోజు తోలింది కంప్యూటర్లను కాదు, ఇళ్లలోని సీసీ కెమెరాలను, వీడియో రికార్డర్లను, రూటర్లను. వాటిలోకి అది దూరిన పద్ధతిలో గొప్ప తెలివేమీ లేదు. కంపెనీ పెట్టి పంపిన అడ్మిన్, రూట్ లాంటి యూజర్ పేర్లు, పాస్‌వర్డుల జంటలు అరవై పైచిలుకు దగ్గర పెట్టుకుని వరసగా ప్రయత్నించడమే. మరుసటి ఏడాది జులైలో మన దేశంలోనే బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లు వేల సంఖ్యలో మూగబోయాయి. అక్కడా కారణం మార్చని పాస్‌వర్డే. వాడకందారులు పాస్‌వర్డు మార్చుకోవాలని ఆ సంస్థే విజ్ఞప్తి చేయాల్సొచ్చింది. 2017 మే నెలలో వన్నాక్రై అనే మాల్‌వేర్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, మైక్రోసాఫ్ట్ విడుదల చేసి ఉంది.

ఈ మూడు ఘటనల్లోనూ దెబ్బ తిన్నవి సర్వరు పెట్టడం నేర్చుకుంటున్న పిల్లల యంత్రాలు కావు. మామూలు ఇళ్లలో, ఆఫీసుల్లో, ఎవరి కన్నూ పడకుండా వెలుగుతూ ఉన్న పెట్టెలు. ప్రమాదం సర్వరుతో కొత్తగా వచ్చేది కాదన్నమాట. ఫైబర్ కనెక్షన్ తీసుకున్న ప్రతి ఇంట్లోనూ అది ఈపాటికే ఉంది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఇస్తామని ఇంటింటికీ వెళ్లింది. అది మెచ్చుకోవలసిన పని. తీగతో పాటు దాన్ని కాచుకునే చదువు మాత్రం ఇంటికి వెళ్లలేదు. ఇప్పుడు ఆ ఇంటి కుర్రాడో అమ్మాయో నెట్‌వర్కును భద్రంగా నడపడం నేర్చుకుంటే, ఆ చదువులో మొదట బాగుపడేది అమ్మ ఫోన్‌పే ఉన్న ఫోను, వీధి గుమ్మం మీది కెమెరా.

ఎలా బాగుపడుతుందో కాస్త దగ్గరగా చూపిస్తాను. మొదటి పాఠంలో సర్వరు జోలికి పోనక్కర్లేదు. రూటరు పేజీ తెరిచి అడ్మిన్ పాస్‌వర్డు మార్చడం, దాని సాఫ్ట్‌వేరును కొత్త వెర్షనుకు తేవడం, పరికరాలు తమంతట తామే బయటికి దారి తెరుచుకునే యూపీఎన్‌పీ అనే సదుపాయాన్ని ఆపడం. ఇంతే, ఓ పూట పని. తర్వాత ఇంటి నెట్‌వర్కును మూడు ముక్కలు చేయాలి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఒక ముక్క. టీవీ, కెమెరాల వంటివి ఇంకో ముక్క. సర్వరు మూడో ముక్క. ఒకే స్విచ్‌లో వేరువేరు నెట్‌వర్కులు నడిపే వీల్యాన్ సదుపాయం ఉంటే దానితో, లేకపోతే సర్వరు భాగానికి విడిగా ఓ పాత రూటరు పెట్టి, దాని ఫైర్‌వాల్‌లో తగిన నియమాలు రాసి. ఈ ముక్కల మధ్య నియమం చిన్నది: ఇంటి ల్యాప్‌టాప్ సర్వరును పలకరించవచ్చు, సర్వరు తనంతట తానుగా ఇంటి ఫోన్లను పలకరించడానికి వీల్లేదు. రేపు పిల్లవాడి చేతిలో సర్వరు చెడిపోయినా, ఎవరైనా అందులోకి దూరినా, ఆ గండం ఆ ముక్క దాటి ఇవతలికి రాకూడదు. కట్టుదిట్టం కాగితం మీద ఉంటే చాలదు కాబట్టి, సర్వరులో కూర్చుని అమ్మ ఫోను చిరునామాకు పింగ్ కొట్టి, జవాబు రాలేదని రుజువు చేయమనాలి. ఆ రాని జవాబే అతని మొదటి ప్రాక్టికల్ మార్కు.

బయటి నుంచి, అంటే కాలేజీలోంచో హాస్టల్లోంచో, ఆ సర్వరును చేరడానికి ఒక్కటే దారి ఉండాలి. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6 కెర్నల్‌లోనే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ కలిసిపోయింది. దానికి గుర్తు తెలియని ప్యాకెట్ వస్తే బదులే ఇవ్వదు, నువ్వు తప్పు అని కూడా అనదు. ఇంటర్నెట్టంతా జల్లెడ పట్టే స్కానర్లకు అక్కడ ఏదైనా ఉందన్న సంగతే తెలియదు. దీనికి బదులు 22వ నంబరు పోర్టును లోకమంతటికీ తెరిచి, దూరం నుంచి యంత్రాన్ని నడిపే ఎస్‌ఎస్‌హెచ్‌ను పాస్‌వర్డుతో పెట్టి చూస్తే ఏమవుతుందో ఈ పని చేసేవాళ్లెవరినడిగినా చెబుతారు. గంట తిరక్కముందే లాగ్‌లో వరసలు వరసలుగా పేర్లు పడతాయి: రూట్, అడ్మిన్, టెస్ట్, ఉబుంటు, ఒరాకిల్. వాటి వెనక కూర్చున్నది మనిషి కాదు, ఎక్కడో చెడిపోయిన ఇంకో పెట్టె. కాబట్టి లోపలికి వచ్చే దారి వీపీఎన్ ఒక్కటే, దాని లోపల కూడా ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవి ఫైలుతోనే, పాస్‌వర్డుతో కాదు. భద్రతా అప్‌డేట్లు వాటంతట అవే పడాలి. బ్యాకప్ మూడు ప్రతులు, రెండు రకాల సామాను మీద, అందులో ఒకటి ఇంటి బయట. లాగ్‌లు వారానికోసారైనా చదవాలి. ఇవేవీ నా సొంత సూత్రాలు కావు. లాగ్‌ల సంగతే తీసుకుంటే, 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు తమ యంత్రాల గడియారాలు అధికారిక సమయంతో సరిపోయేలా చూసుకోవాలి, 180 రోజుల లాగ్‌లు దాచాలి, దాడి జరిగితే ఆరు గంటల్లో తెలపాలి. విద్యార్థికి ఆ ఆదేశాలు వర్తించవు. వాటిని పాటించవలసిన సంస్థల్లో రేపు కొలువు అడగబోయేది మాత్రం అతనే. గడియారం తప్పిన రెండు యంత్రాల లాగ్‌లు పక్కపక్కన పెట్టుకుని ఏది ముందు జరిగిందో తేల్చలేక తల పట్టుకున్నవాడికే ఆ నియమం ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.

ఇలాంటి విద్య నేర్పితే పిల్లలు హ్యాకర్లవుతారన్న అభ్యంతరం ఒకటుంది. మిరాయ్‌ను రాసినవాళ్లు కాలేజీ వయసు కుర్రాళ్లేనన్నది నిజం, 2017లో వాళ్లు కోర్టులో నేరం ఒప్పుకున్నారు కూడా. కానీ ఇది మన ప్రతిపాదనకు వ్యతిరేకంగా నిలిచే సాక్ష్యం కాదు. చొరబాటు సాధనాలు ఈనాడు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, వాటిని నేర్పే వీడియోలు తెలుగులోనే ఉన్నాయి. నేర్చుకునే ఉత్సాహమున్న కుర్రాడికి సొంత ప్రయోగశాల లేకపోతే ఆ సాధనాన్ని ఎక్కడ వాడి చూస్తాడు? పక్కింటి వైఫై మీద, లేదా కాలేజీ సర్వరు మీద. యజమాని అనుమతి లేకుండా వేరొకరి కంప్యూటరులోకి వెళ్లడం 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షను కిందికి వస్తుంది. అదే దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను ప్రకారం మూడేళ్ల దాకా జైలు గానీ, ఐదు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. ఇరవై ఏళ్ల పిల్లవాడి జీవితం దీంతో తారుమారవుతుంది. దాడి ఎలా జరుగుతుందో చట్టబద్ధంగా చూసి నేర్చుకోవడానికి అతనికి ఎప్పుడూ అందుబాటులో ఉండే చోటు తన సొంత యంత్రమే. తన సర్వరు మీద తానే దాడి చేసి, లాగ్‌లో అది ఎలా కనబడిందో చూసి, ఆ సందు మూయడం అన్నది అక్కడ తప్పు కాదు, పాఠం. చట్టం సెక్షన్లు కూడా ఆ పాఠంలోనే చెప్పాలి, విడిగా నీతి క్లాసులో కాదు.

క్లౌడ్ ఉండగా ఇనప పెట్టె దేనికి అని అడిగేవాళ్లున్నారు, వాళ్ల మాటలో కొంత నిజముంది. కొలువుల్లో క్లౌడ్ వచ్చి తీరాలి, దాన్ని నేర్పవద్దని నేను చెప్పడం లేదు. కానీ ఉచిత క్లౌడ్ ఖాతా తెరవడానికి చాలా చోట్ల ముందు కార్డు నంబరు అడుగుతారు, ఆపడం మరిచిన యంత్రానికి బిల్లు వస్తుంది. నెల జీతం మీద బతికే ఇల్లు ఆ భయంతో ఆ జోలికే పోదు. అంతకన్నా పెద్ద సంగతి, క్లౌడ్ తెర మీద నెట్‌వర్కు మరొకరు కట్టిపెట్టిందే ఉంటుంది. విద్యార్థి బటన్లు నొక్కుతాడు, కింద ఉన్న స్విచ్‌ను చూడడు. విశాఖకు రాబోయేది ఆ కింద ఉన్న భాగమే. డిస్కులు మార్చేది, కేబుళ్లకు పేర్లు రాసేది, కరెంటు, చల్లదనం, నెట్‌వర్కు మూడూ కనిపెట్టుకుని ఉండేది ఇక్కడే. డేటా సెంటర్ కట్టడం పూర్తయ్యాక లోపల పనిచేసేవాళ్లు కొద్దిమందే ఉంటారు, పెట్టుబడి అంకె చూసి ఊళ్లో పిల్లలందరికీ ఉద్యోగాలని అనుకోవడం పొరపాటు. ఆ కొద్ది కొలువులూ అనుభవం ఉన్నవాళ్లకే పోతాయి. అనుభవం లేని మన పిల్లలు ఎదురుగా ఉన్న గేటు దాటి లోపలికి వెళ్లలేరు. ఇక మిగిలిన పిల్లల సంగతి. ఆసుపత్రి, స్కూలు, సహకార బ్యాంకు, లాజిస్టిక్స్ ఆఫీసు, కంప్యూటర్లు తప్పనిసరై వాటిని కాచుకునే మనిషి లేని చిన్న సంస్థలు గాజువాకలోనే లెక్కలేనన్ని. ఇంటి సర్వరు నేర్పేది సరిగ్గా ఆ స్థాయి పని.

ఆ సర్వరు ఇంటికి కూడా పనికొస్తుంది. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో తెలుగు వికీపీడియా మొత్తం అందులో దించి పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్ వికీపీడియా బొమ్మలతో సహా వంద జీబీ పైచిలుకు, అదీ ఒక మామూలు డిస్కులో పడుతుంది. పాఠాల వీడియోలు ఒకసారి దించితే తమ్ముడూ చెల్లెలూ డేటా ఖర్చు లేకుండా చూస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక రోజుల తరబడి విశాఖలో కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. అలాంటి రోజున బయటి తీగ తెగిపోయినా, ఇన్వర్టరు మీద 10 వాట్లు లాగే చిన్న పెట్టె వీధిలో నలుగురు పిల్లలకు పాఠాలు వినిపించగలదు.

మీ శాఖల నుంచి కావలసినవి మూడు. మొదటిది యంత్రాలు. ప్రభుత్వ ఆఫీసులు పాత కంప్యూటర్లను ఎవరికి పడితే వారికి ఇవ్వలేవు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరైన సంస్థలకే అప్పగించాలి. ఆ నిబంధనల్లోనే పాతవాటిని బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చే రీఫర్బిషర్లకు చోటుంది. వారి ద్వారా కాలేజీలకు, కాలేజీల నుంచి విద్యార్థులకు వెళ్లే పద్ధతి ఒకటి జీవోగా ఇవ్వండి. ప్రజల వివరాలున్న డిస్కులు ఆఫీసు గడప దాటకముందే పూర్తిగా తుడిచెయ్యాలి, లేదా తీసేసి కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించాలి. ఇందులో రాజీ వద్దు. రెండోది ఫైబర్‌నెట్. ఇళ్ల కనెక్షన్లలో చాలావాటికి సొంత చిరునామా ఉండదు, ఒకే ఐపీవీ4 చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతారు. రూటరు పేజీలో బయటి చిరునామా 100.64కీ 100.127కీ మధ్య మొదలైతే ఇంటి పరిస్థితి అదే, ఎంత సరిగ్గా అమర్చినా వీపీఎన్ బయటి నుంచి నేరుగా అందదు. విద్యార్థి అడిగితే ఐపీవీ6 ఇవ్వమని ఫైబర్‌నెట్‌కు చెప్పండి. ఐపీవీ6 వాడకంలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది, ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఐపీవీ6లో ప్రతి పరికరానికీ బయటికి కనబడే చిరునామా వస్తుంది కాబట్టి ఇంటి పెట్టెలో ఫైర్‌వాల్ మొదటి నుంచే మూసి ఉండాలి. ప్రతి పెట్టెకూ వేరే పాస్‌వర్డు ముద్రించి పంపాలి. ఈ రెండు షరతులూ టెండరులోనే రాయించండి, విద్యార్థులకే కాదు, చందాదారులందరికీ మేలు.

మూడోది మార్కులు. పిల్లలు మార్కులున్నదే చేస్తారని వాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. మనం కట్టిన చదువే అలాంటిది. రెండు సెమిస్టర్ల పాటు నడిచే ఒక క్రెడిట్ కోర్సుగా దీన్ని సాంకేతిక విద్యా మండలి, విశ్వవిద్యాలయాలు గుర్తించాలి. హాస్టల్లో ఉండేవాళ్లకు కాలేజీలోనే, కాలేజీ నెట్‌వర్కుతో సంబంధం లేకుండా విడగొట్టిన గదిలో ఒక అర ఇస్తే సరిపోతుంది. ఇళ్ల నుంచి వచ్చే అమ్మాయిల విషయం మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రి ఎనిమిది దాకా ల్యాబ్‌లో ఉండడానికి ఇంట్లో ఒప్పుకోని అమ్మాయికి ఇంటి సర్వరు ఒక వెసులుబాటు కాదు, అబ్బాయిలతో సమానంగా గంటలు పెట్టి పనిచేయగలిగే ఏకైక మార్గం. మొదటి యంత్రాల్లో సగం వాళ్లకే కేటాయించండి.

పరీక్ష పద్ధతి కూడా మార్చక తప్పదు. రాత పేపరు దీనికి కొలబద్ద కాదు. ఏడాది చివర పరీక్షాధికారి విద్యార్థి సర్వరులోంచి డిస్కు బయటికి లాగి పక్కన పెట్టి, కొత్త డిస్కు చేతికిచ్చి, బ్యాకప్‌లోంచి రెండు గంటల్లో మొత్తం తిరిగి నిలబెట్టమనాలి. కిందటి నెల లాగ్‌లోంచి ఏదో ఒక రోజు చూపించి, ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పమనాలి. ఇంటి ముక్కలోంచి సర్వరుకు దారి ఉందా, సర్వరు నుంచి ఇంటికి దారి లేదా అన్నది కళ్లముందు పరీక్షించాలి. ఇలా పరీక్షించగల అధ్యాపకులు మనకు తక్కువన్నది నేనెరుగుదును. ఆర్థిక మండలిలోని కంపెనీల్లో ఈ పని చేసే ఇంజనీర్లు దువ్వాడలోనే ఉన్నారు, నెలకు ఒక శనివారం వాళ్ల సమయం అడగడానికి కాలేజీలకు మీ మాట సాయం కావాలి. మొదటి ఏడాది పరీక్షకు వచ్చేది వాళ్లే కావచ్చు. రెండో ఏడాదికి మొదటి బ్యాచ్ పిల్లలే తర్వాతి వాళ్లకు నేర్పుతారు.

రాష్ట్రమంతా ఒకేసారి మొదలుపెట్టమని నేను అడగను. అలా మొదలైనవి అంకెల కోసం యంత్రాలు పంచి ఆగిపోతాయి. వచ్చే విద్యా సంవత్సరంలో దువ్వాడ, గాజువాక చుట్టుపక్కల కాలేజీల నుంచి ఒక్క బ్యాచ్‌తో మొదలుపెట్టండి. ఏడాది చివర ఎన్ని సర్వర్లు నడుస్తున్నాయి, ఎన్ని మధ్యలో ఆగాయి, ఆగినవి ఏ కారణంతో ఆగాయి, ఎన్నింట్లోకి బయటివాళ్లు దూరగలిగారు, ఎన్ని బ్యాకప్‌లు అవసరానికి పనిచేయలేదు అన్నది దాచకుండా ప్రచురించండి. చెడిన వాటి లెక్కే రెండో ఏడాది పాఠ్యాంశం అవుతుంది. గూగుల్ కేంద్రానికి పెట్టుబడి 2030 దాకా సాగుతుంది. ఈ జూన్‌లో డిప్లొమాలో చేరే పిల్లలకు అప్పటికి చదువు ముగిసి ఉంటుంది.

ఇట్లు,
దువ్వాడ నుంచి ఒక పౌరుడు